గట్టు మీది మలం ఏ పిల్లిది?

ప్రశ్న: నాగాయలంక దగ్గర మా మేనమామగారి చేపల చెరువు గట్టు మీద రాత్రిళ్లు ఒళ్లంతా మచ్చలున్న పెద్ద పిల్లి తిరుగుతోంది. చిరుతపిల్ల అని కొందరు, మామూలు అడవిపిల్లే అని కొందరు అంటున్నారు. అది విడిచిన మలాన్ని పరీక్షిస్తే ఏ జంతువో తేలుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తేలుతుంది. కృష్ణా అభయారణ్యపు మడ అడవులు ఆ పక్కనే ఉన్నాయి కనుక అది చేపలు పట్టి తినే బావురుపిల్లి కావచ్చు. దాని బూడిదరంగు ఒంటి మీద నల్లని మచ్చలు వరుసలు తీరి ఉంటాయి, తోక పొట్టిగా ఉంటుంది. అడవిపిల్లికి ఆ మచ్చలుండవు, కాళ్లు పొడవు. అయితే టార్చిలైటు వెలుగులో క్షణం సేపు కనిపించినదాన్ని బట్టి పేరు ఖాయం చేయడం నాకు సమ్మతం కాదు.

జంతువు పేగుల లోపలి పొర నుంచి రాలిన కణాలు మలం పైభాగానికి అంటుకొని ఉంటాయి. వాటిలోని మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారుచేసే భాగాలు) డీఎన్ఏకు ఒక్కో కణంలో వందలకొద్దీ ప్రతులుంటాయి కనుక, పాతబడిన నమూనాలోనూ కొంత మిగులుతుంది. అందులో సైటోక్రోమ్ బి అనే జన్యువు ముక్కను చదివి, తెలిసిన జాతుల డీఎన్ఏ అక్షరాల వరుసలతో పోలుస్తారు. అనేక జంతుజాతులకు పనికివచ్చే ఇటువంటి పద్ధతిని హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించారు. మలం విషయంలో మాత్రం పిల్లిజాతులకే అతికే ప్రైమర్లను (చదవాల్సిన ముక్కను పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలను) వాడడం మేలు; లేకపోతే లోపలి పొలుసులూ ముళ్లూ అడ్డుపడి, మీ మామయ్యగారి చెరువులోని చేప పేరే బయటికి రావచ్చు!

ఒక పరిమితి ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది కనుక తండ్రి ఏ జాతో అది చెప్పదు. ఇంటిపిల్లితో సంకరం జరిగిందేమో తెలియాలంటే కణ కేంద్రకంలోని డీఎన్ఏను కూడా చూడాలి.

పేరు తేలడం ఎందుకు ముఖ్యమంటే, బావురుపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ పొందే జంతువుల జాబితాలో ఉంది. చేపలు పోతున్నాయని ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా నేరమే. అది అక్కడ తిరుగుతోందని రుజువైతే, అభయారణ్యం వెలుపలి చెరువుగట్లనూ దాని ఆవాసంలో భాగంగా లెక్కలోకి తీసుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

మలాన్ని మీరు తాకవద్దు. అటవీ సిబ్బందికి కబురు చేస్తే వారే పుల్లతో పైపొరను గీకి, ఆల్కహాలులోనో తేమ పీల్చే సిలికా జెల్‌తోనో భద్రపరుస్తారు. కబురు పొద్దున్నే చేయండి, ఎండకూ తేమకూ డీఎన్ఏ త్వరగా చెడిపోతుంది.