మెయిన్‌లో నల్ల ఎలుగు వేట: ఎర కన్నా ముందు చోటు

ఉద్యోగం మీద అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి వచ్చానని, పక్కింటి పెద్దాయన ఎలుగు వేటకు పిలుస్తున్నారని రాశారు. ఎర పెట్టే చోటు ఎలా వెతకాలి, అసలు ఎర పెట్టి వేటాడడం న్యాయమేనా అని అడిగారు. నేను ఇక్కడ ఆరేళ్ళుగా ప్రతి సెప్టెంబరులో మంచె ఎక్కుతున్నాను. కొట్టింది ఒక్క ఎలుగునే. కాబట్టి నాకు తెలిసిందంతా చోటు చూసుకోవడం, ఓపిగ్గా కూర్చోవడం గురించే.

మొదటి ఏడాది చేసిన పొరపాటు ముందు చెబుతాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల్లో ఎలుగు ఎదురుపడితే మీద పడుతుందన్న భయంతో పెరిగినవాడిని. అక్కడ వాటిని వేటాడడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. తప్పుకుని నడవడమే మాకు తెలిసిన విద్య. ఇక్కడి నల్ల ఎలుగు తీరు వేరు. మనిషి వాసన తగిలితే చాలావరకు అదే చాటుకు తప్పుకుంటుంది. ఆ సంగతి ఒంటబట్టక, దూరం నుంచే కనబడాలని పలుచని చెట్లున్న గట్టు మీద ఎర పెట్టాను. తిండి రోజూ మాయమయ్యేది. చెట్టుకు కట్టిన కెమెరాలో చూస్తే అన్నీ రాత్రి పదకొండు తరువాతి ఫొటోలే. వేటకు అనుమతి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకే. నెల రోజులు బకెట్లు మోసి రాత్రి తిరిగే ఎలుగులను మేపానన్నమాట.

మరుసటి ఏడాది జూలై మొదట్లోనే అడవి తిరిగాను. కలప నరికిన చోట్ల రాస్ప్‌బెర్రీ పొదలు మొలుస్తాయి. అక్కడ గింజలతో నిండిన నల్లటి మలం కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఎలుగు మేస్తున్నట్టే. మట్టిదారిలో నీరు నిలిచిన చోట వెనుక కాలి జాడ వెడల్పాటి మనిషి పాదంలా పడుతుంది. బీచ్ అనే జాతి చెట్ల నున్నటి బెరడు మీద గోటి గాట్లు ఏళ్ళ తరబడి చెదరవు. ఇవన్నీ ఎలుగు ఎక్కడ తింటుందో చెబుతాయి. మీకు కావలసింది అది పగలు ఎక్కడ పడుకుంటుందో. ఫర్, సీడార్ చెట్లు చిక్కగా పెరిగిన బురదనేల, పక్కన వాగు ఉన్న చోటు చూడండి. ఎర ఆ చీకటి అంచునే ఉండాలి, పది అడుగులు వేస్తే మళ్ళీ చాటు దొరికేటట్టు. నేను అలా మార్చిన నాలుగో రోజు సాయంత్రం ఐదింటికే ఒకటి వచ్చింది.

మంచె ఎరకు పదిహేను, ఇరవై మీటర్ల దూరంలో చాలు. సాయంత్రం చల్లబడ్డాక గాలి వాలు వెంట కిందికి జారుతుంది. అది మీ మీదుగా ఎర వైపు పోయిందంటే ఆ రోజు ఇంటికి వెళ్ళిపోవడమే మంచిది.

వేట మొదలవడానికి ముప్పై రోజుల ముందు నుంచి ఎర పెట్టవచ్చు. వేట సెప్టెంబరు 1కి ముందు వచ్చే సోమవారం మొదలవుతుంది కనుక జూలై చివరికి బకెట్లు సిద్ధంగా ఉండాలి. స్థలం యజమాని అనుమతి ముందే తీసుకోండి. ఉత్తరాన అడవి చాలావరకు కలప కంపెనీలదే. వాహనం పోయే దారికి యాభై గజాల లోపల పెట్టకూడదు. మీ పేరు, చిరునామా రాసిన చీటీ అక్కడ ఉండాలి.

ఏమి పెట్టాలంటే, పాత బ్రెడ్డు, డోనట్లు, మొలాసిస్ (చక్కెర మడ్డి) కలిపిన ఓట్స్. వంటకు వాడిన నూనె కాస్త నేల మీద పోస్తే ఎలుగు దాన్ని తొక్కి, పాదాలతో అడవంతా పూసి వస్తుంది. మరో ఎలుగు ఆ వాసన పట్టుకుని వస్తుంది. చాక్లెట్ మాత్రం ఎంత చౌకగా దొరికినా ముట్టుకోవద్దు. 2014లో పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌లో ఎర దగ్గర నాలుగు ఎలుగులు చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అనే పదార్థం వల్ల చనిపోయాయి; వాటిలో రెండు పిల్లలు. రోజూ మధ్యాహ్నం ఒకే వేళకు, చప్పుడు చేసుకుంటూ వెళ్ళి పెట్టి రండి. మీరు వెళ్ళిపోయాక రావచ్చని అవి త్వరగానే నేర్చుకుంటాయి. ఇంత చేసినా బీచ్ కాయలు బాగా కాసిన ఏడాది అవి మీ డోనట్ల వైపు చూడకపోవచ్చు. నాకు ఒక సెప్టెంబరంతా అలాగే గడిచింది.

న్యాయం సంగతికి వస్తే, ఇక్కడివారే దీని మీద రెండుసార్లు వాదించుకున్నారు. ఎర వేటను నిషేధించాలన్న ప్రతిపాదనను 2004లోను, 2014లోను ఓటర్లు తిరస్కరించారు. నాకు నచ్చజెప్పినది ఆ ఓటు కాదు, మంచె మీది అనుభవం. ఒక సాయంత్రం మంచి ఎలుగు వచ్చింది. తుపాకీ ఎత్తాను. మా పక్కింటి ముసలాయన నేర్పినట్టు పది నిమిషాలు ఆగాను. చెట్టు మీంచి రెండు పిల్లలు జరజరా దిగాయి. తల్లి తరచు ముందుగా వస్తుంది, పిల్లలు వెనక ఉంటాయి. దట్టమైన ఈ అడవిలో ఎర దగ్గర తప్ప అంత సేపు చూసి తేల్చుకునే వీలు నాకు ఎక్కడా దొరకలేదు. చెవులు తలకు మరీ పెద్దవిగా కనబడితే అది కుర్ర ఎలుగు, దాన్నీ వదిలేస్తాను. ఇంతా విన్నాక కూడా మనసు ఒప్పకపోతే వెళ్ళకండి, పెద్దాయన ఏమీ అనుకోరు.

వెళ్ళేటట్టయితే వేట భద్రత శిక్షణలో ఇప్పుడే చేరండి. హెచ్-1బి వీసా మీద ఉంటే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ముందుగా ఒక లాయరును అడగండి. మాంసాన్ని 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడికించాలి. ఎలుగు మాంసంలో ఉండే ట్రైకినెల్లా అనే పురుగు ఫ్రీజరులో పెట్టినా చావకపోవచ్చు. మా ఇంట్లో అల్లం, మిరియాలు దంచి వేసి, ముక్క మెత్తబడేదాకా సన్నని సెగ మీద ఇగురు పెడతాం. ఎలుగును నమోదు చేయించేటప్పుడు దాని నోటి పన్ను ఒకటి ఇవ్వాలి, పంటిలోని వలయాలు లెక్కబెట్టి వయసు కడతారు. నాది తొమ్మిదేళ్ళ మగది.