జంతువు ఎప్పుడొస్తది?

హనుమకొండ

బిడ్డా,

చెరువుల జంతువు మీద నువ్వు తీసి పంపిన సినిమా ఫోన్ల రెండుసార్లు చూసిన. మొదటిసారి ఒక్కన్నే, రెండోసారి మీ పెద్దమ్మతోని. పాకాల చెరువు కట్ట మీద పొద్దుగాల మంచుల తీసిన ముక్క చూసి "ఇది మన పిల్లనే తీసిందా" అన్నది ఆమె. అక్కడిదాక మంచిగున్నది. బర్రెను నీళ్లల్లకు గుంజుడు, చిరిగిన వల, బురదల నాలుగు గోర్ల అడుగు చూసి నేను కుర్చీల ముందుకు జరిగిన. 26వ నిమిషంల బెస్తాయన బిడ్డ దయ్యం పట్టి కండ్లు తెల్లగ తేలేసింది. మీ పెద్దమ్మ లేచిపొయ్యి చాయ పెట్టుకున్నది. కోపమొచ్చి కాదు, ఇగ ఆమెకు అక్కడ పని లేదు, అంతే.

మొహమాటం లేకుండ చెప్పుమన్నవు కాబట్టి చెప్తాన్న.

నేను కార్బన్ కడ్డీలు మండిచ్చి తెర మీద వెలుగేసే కాలం నుంచి టాకీసుల ఆపరేటర్ని. కేబిన్ కిటికీల నుంచి తెర కన్న జనం తలకాయలే ఎక్కువ చూసిన. ఒకసారి మా టాకీసుకు డబ్బింగ్ బొమ్మ ఒకటొచ్చింది. టాకీసు పేరెందుకు గని, వాల్‌పోస్టర్ మీద తాటిచెట్టంత జంతువు, దాని నోట్లె బస్సు. జీపుకు మైకు కట్టి పరకాల దాక తిప్పిన్రు. మొదటి రోజు నేల టికెట్టు కాడ అంగీలు చినిగినయి. సగం బొమ్మ పొయినంక చూస్తే జంతువు లేదు, గింతువు లేదు. ఒక ఇల్లు, ఇంట్ల ఒక పిల్ల, పిల్లకు పట్టిన దయ్యం.

ఇంటర్వెల్ల బీడీ తాగుదామని కిందికి దిగిన. ఇద్దరు పొల్లగాండ్లను చెరో చేతుల పట్టుకొని ఒకాయన ఎదురొచ్చిండు. చిన్నోని చేతుల తినని బఠాణీల పొట్లం. "అన్నా, జంతువు ఎప్పుడొస్తది? వీండ్లు నిద్రపోతాన్రు" అన్నడు. నర్సంపేట దిక్కు నుంచి వచ్చిండట, ఆఖరు బస్సు దొరుకుతదో లేదోనని ఆయన తండ్లాట. నేను "వస్తది, వస్తది" అన్న. అబద్ధమాడిన. బొమ్మ చెడ్డదేం కాదు బిడ్డా. దయ్యం బొమ్మ అని చెప్పి ఆడిస్తే రెండు వారాలన్న ఆడేది. శుక్రవారం వచ్చిన డబ్బాలు బుధవారం వాపస్ పొయినయి.

నీ సినిమాల జరిగింది అదే. నాకు రీళ్ల లెక్కనే తెలుసు. 35 ఎంఎం ఫిలిం నిమిషానికి 90 అడుగులు పోతది, వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. నీది నాలుగు రీళ్ల బొమ్మ. దయ్యం మూడో రీల్ల దిగింది. మొదటి రెండు రీళ్లు నువ్వు జంతువు పేరు మీద అప్పు చేసినవు, మూడో రీల్ల దివాలా తీసినవు.

జంతువు వేరు, దయ్యం వేరు. పొడుగు పొట్టి గురించి చెప్తలేను. జంతువొస్తే మనం ఉరుకుతం, లేకపోతే బరిసె పట్టుకొని దాని మీదికి పోతం. దాన్ని ఎవలూ ఏమీ అడుగరు. మనిషికి ఏదన్న పూనితే ముందుగాల అడుగుతరు: "ఎవలు నువ్వు? ఎందుకొచ్చినవు? ఏం గావాలె?" ఆ మూడు మాటల్లనే కథంత ఉంటది. నీ బెస్తోళ్లు రెండు రీళ్లు బరిసెలు, వలలు పట్టుకొని తిరిగి, ఒక్కసారిగ నిమ్మకాయలు పట్టుకొచ్చిన్రు. వాళ్లు ఎప్పుడు మారిన్రు? ఎవలు మార్చిన్రు? నాకైతే కనబడలె.

జంతువు అనుకున్నది దయ్యం గావొద్దని అంటలేను. 1973ల వచ్చిన 'ది ఎగ్జార్సిస్ట్' చూడు. ఇంటి అటక మీద చప్పుడైతే ఆ పిల్ల తల్లి ఎలుకలనుకుంటది. బోన్లు పెట్టిపిస్తది. ఎలుకలు దొరకవు. తర్వాత పిల్లను డాక్టర్ల చుట్టు తిప్పుతది, పరీక్షల మీద పరీక్షలు, ఫాదర్ చానా ఆలస్యంగ వస్తడు. అక్కడ ఎలుక అన్నది ఇంటావిడ అనుమానం, సినిమా తీసినోడు మనకు ఎలుకను చూపెడతనని మాటియ్యలె. నువ్వు బురదల గోర్ల అడుగు దగ్గరికి పొయ్యి చూపెట్టినవు. అది నీ మాట. నాలుగు గోర్లు చూపెట్టినంక నాలుగు గోర్లున్నది రావాలె.

జంతువు బొమ్మ చేయిపియ్యడానికి పైసలు లేక దయ్యాన్ని తెచ్చినవని నాకు ఎరుకే. ఏం సిగ్గుపడకు. 1975ల వచ్చిన 'జాస్' తీసేటప్పుడు యంత్రం సొరచేప ఉప్పునీళ్లల్ల మాటిమాటికి మొరాయించిందట. అయినా కథ మార్చలె, చేపకు తగిలిచ్చిన పసుపుపచ్చ డ్రమ్ములు నీళ్ల మీద ఉరుకుడు చూపెట్టిన్రు. జంతువే గావాలంటే నీ వల నీకున్నది, బర్రె మెడల గంట ఉన్నది. చాలు.

దయ్యమే గావాలంటే మాత్రం మొదటి రీల్లనే ఒక మనిషితోని అడిగిపియ్యి. బర్రె పోంగనే మగోళ్లంత బరిసెలకు పోతరు, ఒక ఆడామె ఒక్కతే గట్టు మీద నిలబడి నీళ్లను "ఎవలు నువ్వు" అని అడిగిందనుకో. నవ్వేటోళ్లు నవ్వుతరు. మూడో రీల్ల ఎవలూ నవ్వరు.

ఇంకోటి. కండ్లు తెల్లగ చేసుడు, మొగగొంతు పెట్టుడు, గోడలెక్కుడు మన జనం కాడ నడువయి. వీళ్లు సిగం, అంటే దేవుడు ఒంటి మీదికి వచ్చుడు, దగ్గరి నుంచి చూసినోళ్లు. నిన్ను భుజాల మీద ఎక్కించుకొని సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు తీస్కపోయిన, యాదికున్నదా? డోలు మోగుతాంటే మన ముంగట ఒక శివసత్తికి, దేవుని పేరు మీద ఉండే ఆడామెకు, సిగం వచ్చింది. ముందుగాల కాలి బొటనవేలు నేలను గట్టిగ పట్టింది. తర్వాత దవడ బిగిసింది, ముక్కుల నుంచి ఊపిరి చప్పుడు. కొప్పు ఊడేటప్పటికి పక్కామె నడుము పట్టుకున్నది. "నన్ను మర్సిపోయిన్రు గదరా" అన్నది ఆమె, అరువలె, అలిగినట్టన్నది. దిగినంక మంచినీళ్లు తాగి, కొప్పు ముడిసి, "నా చెప్పులేడబొయినయి" అని ఎతుకులాడింది. నాకు అన్నిటికన్న ఆ చెప్పుల మాటకే ఒళ్లు జలదరించింది. అసొంటిది నీ సినిమాల పెట్టు. నీ పిల్లకు దయ్యం దిగిపొయినంక నువ్వు వెంటనే పేర్లు ఏసినవు.

ఆ ముసలామె సీను తీసెయ్యి. ఒంటరి ముండమోపి బాణామతి చేసి చెరువుల దయ్యాన్ని తోలిందన్నవు. మన దిక్కు ఊర్లల్ల ఆ మాట మీదనే మనుషులను చెట్టుకు కట్టి కొట్టిన్రు, సంపిన్రు. నీకు అది మలుపు, చూసినోడికి పక్కింటి ముసల్ది యాదికొస్తది. ఇందుల నేను బేరమాడ.

పోస్టర్ గూడ మార్చు. గోర్లు గీయకు, వల గియ్యి.

సద్దుల బతుకమ్మకు వస్తవు గద, కొత్తగ కోసిన ముక్క పెన్‌డ్రైవుల తే, టీవీల చూద్దం. ఫోన్ల నా కండ్లకు ఆనుతలేదు. చిరిగిన వల షాటు మాత్రం ముట్టకు. ఆ వల నువ్వే చింపినవా, నిజంగ మొసలి చింపిందా అని మీ పెద్దమ్మ మూడు రోజుల సంది అడుగుతాంది.

మీ పెద్దబాపు