పచ్చ ఆకు గుర్తు జోలికి పోకండి, ఫ్యానుతో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: ఆన్‌లైన్‌లో కొనేవారికి పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువేదో చూపించే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్టును) ఒక్కరే తయారు చేయగలరా, చేయగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి?

చేయవచ్చు. నేను రెండుసార్లు చేశాను, మొదటిసారి పూర్తిగా తప్పుగా. కోడు రెండు వారాంతాల్లో అయిపోయింది. ఆ తర్వాతి ఏడాదంతా సరైన సమాచారం వెతుక్కోవడానికే సరిపోయింది. అందుకని ముందు దాని గురించే చెబుతాను.

నా మొదటి ఎక్స్‌టెన్షన్ ప్రతి వస్తువుకూ నూటికి ఇన్ని మార్కులని వేసి, పక్కన పచ్చ ఆకు చూపించేది. లోపల జరిగేది చాలా అమాయకమైన పని. వస్తువు వర్ణనలో ఆర్గానిక్, వెదురు, చేనేత, ఎకో ఫ్రెండ్లీ లాంటి మాటలు కనిపిస్తే మార్కులు కలిపేది, ప్లాస్టిక్ అని ఉంటే తీసేసేది. ఒకరోజు మా పిన్నికి గొప్పగా చూపించాను. ఆవిడ పోచంపల్లి దగ్గర నేతపనివారి ఇంటి కోడలు. తెర మీద ఒక చీరకు 82 మార్కులు, పక్కన నిగనిగలాడే ఆకు. పిన్ని ఫొటోను పెద్దది చేసి, పైట మడత దగ్గర కనిపిస్తున్న వెనక వైపు చూసి, "ఇది నేసింది కాదురా, అచ్చు వేసింది" అంది. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా పడుతుంది, గీతల అంచులు కొద్దిగా అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఆ చీర వెనక వైపు వెలవెలబోతోంది. వివరాలు కిందికంటా చదివితే పాలిస్టర్ అని కూడా ఉంది. "చేనేత తరహా పోచంపల్లి ప్రింట్" అన్న మాటలో నా కోడు చేనేతను పట్టుకుంది, తరహాను వదిలేసింది.

వెదురు బట్టల విషయంలోనూ ఇలాగే బోల్తా పడ్డాను. వెదురు చొక్కా అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం నిజానికి విస్కోస్. గుజ్జును కార్బన్ డైసల్ఫైడ్ లాంటి రసాయనాలతో కరిగించి తీసిన దారం. మొక్క మంచిదే, దారమయ్యే దారి వేరు. అమ్మేవాడి వర్ణనను నమ్మి మార్కులు వేసే పనిముట్టు, ఎవరు ఎక్కువ మాటలు చెబితే వారికే ఎక్కువ మార్కులు వేస్తుంది. నేను కట్టింది సరిగ్గా అదే.

రెండోసారి పద్ధతిని తిరగేశాను. మంచి మాట కనిపిస్తే మార్కు వేయడం మానేసి, దానికి ఆధారం ఉందా అని వెతికించాను. ఆర్గానిక్ నూలు అని రాస్తే ఆర్గానిక్ బట్టలకు అంతర్జాతీయ ప్రమాణమైన గాట్స్ (GOTS) ధ్రువీకరణ వివరాలు ఉన్నాయా? ఆ ప్రమాణంలో కనీసం 70 శాతం ఆర్గానిక్ పీచు ఉండాలి, నేరుగా ఆర్గానిక్ అని ముద్ర వేసుకోవాలంటే 95 శాతం. ధ్రువీకరణ పొందిన సంస్థల జాబితా వారి సైటులో అందరికీ కనిపిస్తుంది. చేనేత అంటే, అసలైన చేనేతకు ప్రభుత్వం తరఫున ఇచ్చే హ్యాండ్లూమ్ మార్క్ ఉందా? లేకపోతే ఎక్స్‌టెన్షన్ వస్తువును తిట్టదు, "ఆధారం చూపలేదు" అని మాత్రం రాస్తుంది. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు కూడా పర్యావరణహితం, సహజం లాంటి మాటలు వాడేవారు తగిన వివరణ, రుజువు ఇవ్వాలంటున్నాయి. మీ పనిముట్టు అడిగే ప్రశ్న మీ సొంత అభిప్రాయం కాదని చెప్పుకోవడానికి అది పనికొస్తుంది.

అయినా చీరలతో, సబ్బులతో మొదలుపెట్టవద్దనే నా సలహా. ఫ్యానులతో మొదలుపెట్టండి. నవ్వకండి. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35 వాట్లు. తేడా 40 వాట్లు అనుకుని, రోజుకు 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిప్పితే 180 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన అది 126 కిలోలు. ఈ లెక్కలో ఎవరి వర్ణననూ నమ్మాల్సిన పని లేదు. సీలింగ్ ఫ్యానులకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి, మోడళ్ల వివరాలు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ సైటులో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: నక్షత్రంతో పాటు లేబుల్ ఏ కాలానిదో కూడా దాచుకోండి. 2022 జులైలో ఏసీల కొలమానం బిగించినప్పుడు అంతకుముందు ఐదు నక్షత్రాలున్న ఏసీ నాలుగుకు దిగింది. పాత నిల్వను పాత నక్షత్రాలతో చూస్తే మోసపోతాం.

ఇక్కడా ఒక నవ్వులాట జరిగింది. పేజీలో వాట్ అన్న మాటకు ముందున్న మొదటి అంకెను తీసుకోమని కోడు రాశాను. ఒక ఫ్యాను 9 వాట్లతో తిరుగుతుందని చూపించింది. తీరా చూస్తే, పక్కనున్న "కలిపి కొనేవి" పెట్టెలోని ఎల్‌ఈడీ బల్బు అంకె అది! అప్పటి నుంచి పేజీ అంతా గాలించడం మానేశాను. చాలా సైట్లు సెర్చ్ ఇంజిన్ల కోసం వస్తువు పేరు, బ్రాండు, ధర లాంటివి కోడు తేలిగ్గా చదవగలిగే జేసన్ (JSON) రూపంలో పేజీలోనే ఒకచోట పెడతాయి. ముందు అది చదవండి, మోడల్ నంబరు పట్టుకోండి, వాట్లు మాత్రం బ్యూరో సైటు వివరాలతో మీరు తయారు చేసుకున్న జాబితాలోంచే చూపండి. సైటు రూపురేఖలు మార్చినప్పుడల్లా, ముఖ్యంగా పండగ అమ్మకాల ముందు, మీ కోడు విరిగే బాధ దీనితో చాలా తగ్గుతుంది.

సాంకేతికంగా నేను దెబ్బతిన్న ఇంకో చోటు: ఎక్స్‌టెన్షన్లకు క్రోమ్ ఇప్పుడు కోరే పద్ధతి, అంటే మేనిఫెస్ట్ మూడో వెర్షన్‌లో వెనక నడిచే సర్వీస్ వర్కర్, పని లేకపోతే 30 సెకన్లకు నిద్రపోతుంది. మామూలు వేరియబుల్‌లో దాచుకున్నదంతా పోతుంది, స్టోరేజ్‌లో పెట్టుకోవాలి. ఇక అనుమతులు. అన్ని సైట్లనూ చదువుతానని అడిగితే బ్రౌజర్ చూపించే హెచ్చరికకే సగం మంది బెదిరిపోతారు, బెదరాలి కూడా. మీరు నిజంగా పనిచేసే రెండు మూడు సైట్లకే అడగండి. ఎవరు ఏ వస్తువు చూశారో మీ సర్వర్‌కు పంపకండి. ఫ్యాను మోడళ్ల జాబితా మొత్తం చిన్న ఫైలులో సరిపోతుంది, ఎక్స్‌టెన్షన్‌లోనే పెట్టేయండి.

అమ్మకంపై కమిషన్ ఇచ్చే లింకులు పెట్టుకుంటే ఖర్చులు వస్తాయని ఎవరైనా చెబుతారు. నేను పెట్టుకోలేదు. ఎవరైనా కొత్త ఫ్యాను కొంటేనే నాకు డబ్బు వస్తుందంటే, "ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందా? ముందు కండెన్సర్ మార్పించి చూడండి" అన్న వాక్యం రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ఎక్కువ మంది మెచ్చుకుంటూ రాసింది ఆ వాక్యం గురించే.

చివరగా, నేను ఆలస్యంగా గమనించిన సంగతి. మా ఇంట్లో కంప్యూటర్‌లో కొనేది నేనొక్కడినే. మిగతావారంతా ఫోనులోనే, అదీ యాప్‌లోనే. ఆండ్రాయిడ్ ఫోనులోని మామూలు క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో అందరి ఎక్స్‌టెన్షన్లకూ తలుపు తీసింది కానీ యాప్‌లోకి అదీ చొరబడలేదు. అందుకని అదే జాబితాతో ఒక చిన్న వెబ్ పేజీ చేశాను. యాప్‌లో షేర్ నొక్కి లింకు తెచ్చి అక్కడ అతికిస్తే మోడల్, వాట్లు, లేబుల్ కాలం చూపిస్తుంది. మీరైతే ఆ పేజీ ముందు చేసి, ఎక్స్‌టెన్షన్ తర్వాత చేయండి. చీరల లింకులు మాత్రం నేను ఇప్పటికీ పిన్నికే పంపుతున్నాను.