తూము దగ్గర నిలబడి చూడు

విజయవాడ

తమ్ముడూ,

ఆఫీసు నెట్‌వర్క్‌లో కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టెల్లో ఏది కోర్, ఏది డిస్ట్రిబ్యూషన్ అని నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ ‘కోర్ అంటే పెద్ద స్విచ్, డిస్ట్రిబ్యూషన్ అంటే దానికంటే కాస్త చిన్నది’ అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఒకప్పుడు నేనూ అదే రాశాను. బీసెంట్ రోడ్డు పక్క సందులో టీ తాగుతూ ఓ నెట్‌వర్క్ ఇంజినీరు అది చదివి, ‘మా దగ్గర రెండుచోట్లా ఒకే మోడల్ పెట్టామండీ, మరి ఏది కోరో చెప్పండి’ అన్నాడు. టీ చల్లారింది గానీ నాకు జవాబు తోచలేదు.

పెట్టె సైజు వదిలెయ్. డేటా ముక్క ఒకటి, అదే ప్యాకెట్, దాని వెంట పడు. అకౌంట్స్ సెక్షన్‌లో బయల్దేరి, కంప్యూటర్లు తగిలించే యాక్సెస్ స్విచ్ దాటి డిస్ట్రిబ్యూషన్‌కు వచ్చింది. తనిఖీ అంతా ఇక్కడే. ఈ వీలాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన ఒక భాగం) నుంచి ఆ వీలాన్‌కు పోవచ్చా? ఏసీఎల్, అంటే దేన్ని వదలాలో దేన్ని ఆపాలో రాసిన జాబితా, ఒప్పుకుంటుందా? ఫోన్ కాల్‌కు ముందు దారివ్వాలా? సొంత వీలాన్ దాటి బయటికి పోయే ద్వారం, అదే డిఫాల్ట్ గేట్‌వే, మామూలుగా ఇక్కడే ఉంటుంది. కింది నెట్‌వర్క్‌లకు పోయే దారులు, అదే రూట్లన్నీ మూటగట్టి ఒక్క సమ్మరీగా పైకి చెప్పేదీ ఇదే. కోర్‌కు ఈ గొడవలేవీ పెట్టరు. వచ్చింది వచ్చినట్టు అవతలి బ్లాకుకు (ఒక డిస్ట్రిబ్యూషన్, దాని కింది స్విచ్‌లూ కలిస్తే ఒక బ్లాకు) దాటించాలి, ఒక లింకు తెగితే వెంటనే ఇంకోదాని మీదికి మళ్లించాలి. దాని పని అంతే.

నువ్వేమో హైవే పోలిక తెచ్చావు. బెజవాడవాడివి, కాలువ కనబడలేదా? ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన బందరు కాలువ ఎవరి చేనుకెంత అని అడుగుతూ పోదు. ఆ లెక్క తూముల దగ్గర, లస్కరు షట్టరు ఎత్తేచోట. కాకపోతే పోలికను మరీ సాగదీయకు. నీళ్లు పల్లానికే పోతాయి, ప్యాకెట్లు రెండు వైపులా నడుస్తాయి.

కోర్ అసలెందుకో నువ్వు చెప్పనేలేదు. బ్లాకులను ఒకదానికొకటి నేరుగా కలిపితే, జతకు ఒక్క లింకు చొప్పున వేసుకున్నా 3 బ్లాకులకు 3 లింకులు చాలు, 6 బ్లాకులకు 15 కావాలి. ఏడోది కడితే మరో 6. మధ్యలో కోర్ ఉంటే కొత్త బ్లాకును దానికి కలిపితే సరిపోతుంది. ఈ లెక్క ఒక్కటి వేసి చూపిస్తే పాఠకుడికి సగం వ్యాసం అర్థమైపోతుంది.

అలాగని అన్నిచోట్లా యాక్సెస్, డిస్ట్రిబ్యూషన్, కోర్ అని మూడు పొరలూ గీయకు. ఒకే బిల్డింగు ఆఫీసుకు కోర్, డిస్ట్రిబ్యూషన్ రెండు పనులూ ఒకే జత స్విచ్‌లతో కానిచ్చేస్తారు. దాన్నే కొలాప్స్‌డ్ కోర్ అంటారు. నువ్వు గుంటూరులో రెండంతస్తుల ఆఫీసుకు మూడు పొరలు గీశావు, చూసి నవ్వొచ్చింది.

బొమ్మ మళ్లీ గీసి పంపు. ఈసారి స్విచ్‌ల పక్కన మోడల్ నంబర్లు వద్దు, ఏ స్విచ్ ఏం పని చేస్తోందో రాయి.

మీ అన్న