పాత ఫోనులోని నాన్నగారి వాయిస్ మెసేజ్‌లు కొత్త ఫోనుకు భద్రంగా చేరాలంటే

మీ అమ్మగారి ఆండ్రాయిడ్ ఫోను బాగా నెమ్మదించిందని, కొత్తది కొన్నారని రాశారు. కాలం చేసిన మీ నాన్నగారి వాయిస్ మెసేజ్‌లు, ఊరి ఫోటోలు అందులోనే ఉన్నాయన్నారు. సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆన్ చేసి పాత ఫోను ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయవచ్చా అన్నది మీ ప్రశ్న. దయచేసి ఇప్పుడే ఇవ్వకండి. ఎక్స్ఛేంజ్ కింద తగ్గే ఆ కాస్త డబ్బు పోయినా పోనివ్వండి. కొత్త ఫోనులో అన్నీ వచ్చాయని మీ అమ్మగారు స్వయంగా తెరిచి చూసి, విని చెప్పేదాకా పాత ఫోను ఇంట్లోనే ఉండాలి.

సెట్టింగ్స్‌లో కనిపించే ఆ బ్యాకప్‌లో చేరేవి కొన్నే: ఎస్ఎంఎస్‌లు, కాల్ వివరాలు, ఫోను సెట్టింగ్స్, కొన్ని యాప్‌ల సమాచారం. వాట్సాప్ బ్యాకప్ వేరు, ఫోటోల బ్యాకప్ వేరు, కాంటాక్ట్‌ల లెక్క వేరు. దేని స్విచ్ దానికే ఉంటుంది. ఒకటి ఆన్ చేస్తే అన్నీ భద్రమనుకోవడం వల్లే చాలా ఇళ్లలో నష్టం జరుగుతోంది.

అన్నిటికంటే ముందు ఆ ఫోనులో ఉన్నది ఎవరి గూగుల్ ఖాతానో చూడండి. మా బంధువుల్లో పెద్దవాళ్ల ఫోన్లు సర్దేటప్పుడు నాకు ప్రతిసారీ ఎదురయ్యే చిక్కు ఇదే. ఫోను కొన్న రోజు దుకాణంలో కుర్రవాడు ఏదో పేరుతో ఖాతా తెరిచి ఇస్తాడు, పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఖాతాలోకి వెళ్లలేకపోతే అందులోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. కాబట్టి పాత ఫోను చేతిలో ఉండగానే పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరుగా మీ నంబరు కూడా చేర్చి, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పెద్దవాళ్ల విషయంలో ఇంట్లో భద్రంగా ఉన్న కాగితమే నయమని నా నమ్మకం.

ఇక నాన్నగారి గొంతు. దీన్ని ఒక్క బ్యాకప్‌కు వదిలేయకండి, ఆ ఫైళ్లనే కాపీ చేసుకోండి. పాత ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోను తెరమీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఆండ్రాయిడ్, అందులో మీడియా, అందులో కామ్.వాట్సాప్, ఆపైన వాట్సాప్, మళ్లీ మీడియా, చివరకు వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే ఫోల్డర్ వస్తుంది. మరీ పాత ఫోన్లలో వాట్సాప్ ఫోల్డర్ నేరుగా బయటే ఉంటుంది. లోపల వారానికొక ఫోల్డర్, వాటిలో పీటీటీ-20210514-డబ్ల్యూఏ0003 వంటి పేర్లతో ఫైళ్లు కనిపిస్తాయి. మధ్యలోని అంకెలు తేదీ: 2021 మే 14. ఎవరు పంపారో ఫైలు పేరులో ఉండదు కానీ, చాట్‌లో తేదీ చూసుకుంటే ఏది ఎవరిదో తెలిసిపోతుంది. అవి ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లు, కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో చక్కగా వినవచ్చు. ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మా పెద్దమ్మ కోసం ఇలాగే చేశాను. పెదనాన్న పొలం నుంచి పంపిన మెసేజ్‌లు, వెనకాల మోటారు చప్పుడుతో సహా, తేదీల వారీగా విడిగా పెట్టి ఇచ్చాను.

అంతకుముందు ఆవిడ పడిన వేదన చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొత్త ఫోనులో వాట్సాప్ పెట్టినప్పుడు నంబరు సరిచూసిన వెంటనే బ్యాకప్‌ను పునరుద్ధరించాలా అని అడుగుతుంది. ఆ అవకాశం అప్పుడే. ఫోను కొన్న దుకాణంలో తొందరగా తేల్చేయాలని దాటవేయి నొక్కేశారు. వాట్సాప్ ఖాళీగా తెరుచుకుంది. ఆ స్థితిలో కొత్త ఫోనులో బ్యాకప్ నడిస్తే మరీ ప్రమాదం, ఎందుకంటే గూగుల్ ఖాతాలో పాత బ్యాకప్ స్థానంలోకి కొత్తది వచ్చి కూర్చుంటుంది. అదృష్టం కొద్దీ పాత ఫోను ఇంకా ఇంట్లోనే ఉంది. అదే నంబరుతో పాత ఫోనులో మళ్లీ వాట్సాప్ తెరిస్తే చాట్‌లన్నీ అక్కడే ఉన్నాయి. అక్కడ కొత్తగా బ్యాకప్ తీసి, కొత్త ఫోనులో వాట్సాప్ తీసేసి, మళ్లీ పెట్టి, ఈసారి పునరుద్ధరించు నొక్కాం. అన్నీ వచ్చాయి.

మీరు చేసేటప్పుడు పాత ఫోనులో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్‌లు, చాట్ బ్యాకప్ తెరిచి, చివరి బ్యాకప్ తేదీ ఈరోజుదేనా, ఏ ఖాతాలోకి వెళ్తోంది అన్నవి చూడండి. వీడియోలు కావాలంటే వాటి స్విచ్‌ను విడిగా ఆన్ చేయాలి. కొత్త ఫోనులోనూ అదే నంబరు, అదే ఖాతా ఉండాలి. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌కు, అంటే తాళం వేసిన బ్యాకప్‌కు, ఎవరైనా పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది తప్పక తెలియాలి, మరిచిపోతే వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు. రెండు ఫోన్లూ ఆండ్రాయిడే కాబట్టి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చాట్‌లను నేరుగా ఒక ఫోను నుంచి మరోదానికి పంపే మార్గమూ ఉంది. రెండూ మీ దగ్గరే ఉన్నప్పుడు నేను దానికే ఓటేస్తాను.

ఫోటోల దగ్గర రెండు సంగతులు. గూగుల్ ఫోటోస్ మామూలుగా కెమెరా ఫోల్డర్‌నే బ్యాకప్ చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల ఫోల్డర్‌ను మీరే వెళ్లి ఎంచుకోవాలి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వస్తోంది. నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం: బ్యాకప్ అయింది కదా అని ఆ యాప్‌లోనే ఫోటో తొలగిస్తే ఖాతాలోనూ పోతుంది, ట్రాష్‌లో 60 రోజులు మాత్రమే ఉంటుంది. ఫోనులో ఖాళీ కావాలంటే ‘స్పేస్ ఖాళీ చేయి’ అన్న దాన్నే వాడాలి. ఊరి ఫోటోలను కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోకే తీసుకోండి.

కాంటాక్ట్‌లు గూగుల్ ఖాతాలో ఉన్నాయా, ఫోనులోనా, సిమ్‌లోనా చూడండి. ఫోనులో మాత్రమే దాచినవి ఖాతాతో పాటు రావు, వాటిని ఫైలుగా ఎగుమతి చేసుకోవాలి. యూపీఐ, బ్యాంకు యాప్‌లను కొత్త ఫోనులో మళ్లీ నమోదు చేసుకోవలసిందే, బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోనులో ఉండాలి.

పాత ఫోనును బీరువాలో పడేసినా దాని ఆండ్రాయిడ్ బ్యాకప్, అంటే మొదట చెప్పిన సెట్టింగ్స్‌లోని బ్యాకప్, శాశ్వతంగా ఉండదు. ఫోను 57 రోజులు వాడకపోతే గూగుల్ దాన్ని తొలగిస్తుంది. అందుకే పునరుద్ధరణ ఈ వారంలోనే పూర్తి చేయండి. ఆ తరువాత ఇచ్చేయదలిస్తే మెమరీ కార్డు బయటకు తీసి, సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించి, అప్పుడు ఫోనులోనిదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. వాయిస్ నోట్స్ ఫోల్డర్ దొరకకపోతే ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ ఇక్కడ రాయండి, ఎక్కడ ఉంటుందో చెబుతాను.