28 పేజీల కేకు

ప్రశ్న: ఓవెన్ లేకుండా కుక్కర్లో కేకు చేస్తే సరిగ్గా వస్తుందా? ఎంతసేపు ఉంచాలి?

వస్తుంది. పన్నెండేళ్లుగా కుక్కర్లోనే చేస్తున్నాను. మా ఇంట్లో ఓవెన్ లేదు, కొనాలనీ లేదు. మాది కోనసీమ. వానాకాలం వచ్చిందంటే కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సరదాపడి ఓవెన్ కొని, దాని మీద కుట్టుపని గుడ్డ కప్పి, ఆ పైన ప్లాస్టిక్ పూలు పెట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

కొలతలు చెప్పేస్తాను. ఒకటిన్నర గ్లాసు మైదా, ముప్పావు గ్లాసు పంచదార పొడి, గ్లాసు పెరుగు, అర గ్లాసు నూనె, ఒక చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా తినేసోడా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. టీ గ్లాసు సైజుది ఒకటి పట్టుకుని అన్నిటికీ దాన్నే వాడండి. వీడియోల్లో "ఒక కప్పు" అంటారు, ఆ కప్పు ఎంతో చూపించరు. హాయ్ ఫ్రెండ్స్ అని మొదలుపెట్టి నాలుగు నిమిషాలు వాళ్ల కొత్త వంటగది చూపిస్తారు గానీ కప్పు మాత్రం చూపించరు.

ముందు పెరుగులో పంచదార కలిపి, సోడా, బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేయండి. పెరుగులో పులుపు తగలగానే సోడా పొంగుతుంది. ఆ గాలి బుడగలే కేకుని లేపేవి. తర్వాత నూనె పోసి, జల్లించిన మైదా వేసి పైపైన కలపండి. చపాతీ పిండి మీద కోపం తీర్చుకున్నట్టు కలిపితే కేకు గట్టిపడుతుంది. కుక్కరు మూతకి రబ్బరు, విజిల్ తీసేయాలి. అడుగున రాళ్లుప్పు పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడిచేసి అప్పుడు పిండి పోసిన గిన్నె దింపాలి. నీళ్లు పొయ్యకూడదు. పోస్తే అది కేకు కాదు, కుడుము. సెగ సన్నగా ఉండాలి. మొదటి అరగంట మూత ముట్టుకోకూడదు, తీస్తే వేడి పోయి నడుమ గుంట పడుతుంది.

ఈ మూత తీయకూడదన్న నియమం ఉంది చూశారూ, అందుకే నేను కేకులు చేస్తాను.

పప్పు పెడితే విజిళ్లు లెక్కపెట్టాలి. పాల దగ్గర నిలబడాలి. పులసో బొమ్మిడాయిలో వచ్చిన రోజు ఇంక చెప్పక్కర్లేదు. కేకుకి అలా కాదు, పొయ్యి మీద పెట్టాక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కానీ వంటగది వదిలి రాకూడదు, మాడిపోతే? కాబట్టి పీట వేసుకుని, గోడకి జారబడి పుస్తకం చదువుకుంటాను. పుస్తకం చదువుతున్నానంటే ఇంట్లో ప్రతివాళ్లకీ మంచినీళ్లు గుర్తొస్తాయి. "కేకు పొయ్యి మీదుందండీ" అంటే మా ఆయన కూడా తన గ్లాసు తనే ముంచుకుంటారు.

మా అత్తగారు దీన్ని మొదట్లోనే కనిపెట్టేశారు. "పుస్తకం కోసం కేకు చేస్తోందర్రా ఇది" అన్నారు ఒకసారి, నా ముందే. ఆవిడకి మైదా అంటే పడదు. కేకు అంటే పంచదార వేసిన దిబ్బరొట్టె అని ఆవిడ లెక్క.

ఒక శ్రావణమాసంలో మా చిన్నదాని పుట్టినరోజొచ్చింది. గోదావరికి వరద. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెబుతుండగానే కరెంటు పోయింది. కాజ్‌వే మీదుగా నీళ్లు పారుతున్నాయి, గ్యాస్ బండి రాలేదు. ఉన్న సిలిండరు సరిపోతుందిలే అని కేకు పెట్టి పుస్తకం తెరిచాను. ఇరవై నిమిషాలు అయిందో లేదో మంట నీలంగా ఒకసారి ఎగిరి ఆరిపోయింది. లోపల పిండి సగం ఉడికి సగం పచ్చి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు పెరటి పాకలో వేడినీళ్ల పొయ్యి దగ్గరున్నారు. "అమ్మాయ్, ఆ గిన్నె కదపకుండా తీసుకురా" అని కేకేశారు. నేను వెళ్లేసరికి కొబ్బరి డొక్కల నిప్పులు పక్కకి లాగి, దిబ్బరొట్టె మూకుడు పెట్టేశారు. అందులో కేకు గిన్నె దింపి, పైన పాత ఇత్తడి పళ్లెం బోర్లించి, ఆ పళ్లెం మీద మరో నాలుగు నిప్పులు పోశారు. కిందా పైనా సెగ. దిబ్బరొట్టె, తాటిపండు రొట్టె ఆవిడ అలాగే చేస్తారు. బేకింగ్ అంటే తెల్లవాళ్లు నేర్పారనే వాళ్లతో నాకు అప్పట్నుంచీ పేచీ. ప్రపంచంలో మొదటి ఓవెన్ గోదావరి జిల్లా మూకుడే అని నా నమ్మకం, ఎవరేమన్నా మార్చుకోను.

"ఇంకెంతసేపు అత్తయ్యా?" అంటే, "నీ పుస్తకం ఏదీ, చదువు" అన్నారు. ఆవిడకి అప్పటికి కళ్లలో పొర వచ్చి అక్షరం ఆనడం లేదు. నేను చదువుతున్నది కూడా ఆవిడ పెట్టెలోదే, వారపత్రికల్లో వచ్చిన సీరియల్ కత్తిరించి బైండు చేయించుకున్నది. పాక చూరు నుంచి నీళ్లు ధార కడుతుంటే, పొగలో కళ్లు తుడుచుకుంటూ గట్టిగా చదివాను. మధ్యలో ఒక వారం లేదు. "అది మీ మావయ్య బజ్జీలు కట్టించుకొచ్చి పారేశారు" అని, ఆ వారం కథ ఆవిడే నోటితో చెప్పారు. తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పించుకున్నాను, మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పారు.

కేకు నడుమ కాస్త కుంగింది. అంచులు మాత్రం దిబ్బరొట్టెకి వచ్చినట్టు ఎర్రగా, కరకరలాడుతూ వచ్చాయి. కొంచెం పొగ వాసన. పిల్లలు ఆ అంచుల కోసమే కొట్టుకున్నారు. "నీ మైదా కూడా మూకుట్లోకి వచ్చాక బుద్ధిగా ఉంది" అన్నారు అత్తగారు.

ఆ పెట్టెలోవి అయిపోయాక పుస్తకాలకే కరువొచ్చింది. మా ఊరి గ్రంథాలయానికి నేను వెళ్లిన రోజల్లా తాళమే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మాత్రం తప్పకుండా కడుతున్నాం. గ్రంథాలయోద్యమానికి పితామహుడని చెప్పుకునే అయ్యంకి వెంకటరమణయ్యగారు పుట్టిన కొంకుదురు ఉన్నది మా గోదావరి జిల్లాల్లోనే, ఇంకేం చెప్పను. చుట్టాలిళ్లకి వెళ్లినప్పుడు అడిగి తెచ్చుకుంటున్నాను. నా దగ్గర తీసుకెళ్లినవాళ్లు మాత్రం తిరిగి ఇవ్వరు. ఓ పెళ్లి పెట్టెలో వెళ్లిపోయిన పుస్తకం కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఎంతసేపు ఉంచాలి అన్నారు కదా. గడియారం ప్రకారం 40 నుంచి 45 నిమిషాలు, చీపురుపుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. నా లెక్కలో 28 పేజీలు. పాత బైండు పుస్తకమైతే అక్షరాలు చిన్నవి, 20కే లేచి చూసుకోండి.