ఓడలో విస్కీలు పోల్చి చూస్తానంటున్న మా అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు క్రూయిజ్‌కి వెళ్తోందట, వారం రోజులూ విస్కీలు రుచి చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటుందట, నువ్వే చెప్పు దానికి" అంది. తన గొంతులో కంగారు తప్ప ఇంకేం లేదు, నాకు మాత్రం కంగారూ గర్వమూ రెండూ ఒకేసారి వచ్చాయి. పద్దెనిమిదేళ్లు ఓడల్లో బార్ వెనక నిలబడి వచ్చానా, బ్లెండెడ్ స్కాచ్‌కీ సింగిల్ మాల్ట్‌కీ బర్బన్‌కీ అసలు తేడా ఏంటి మామయ్యా అని మన ఇంట్లో ఒక్కళ్లు అడిగిన పాపాన పోలేదు, ఇన్నాళ్లకి నువ్వు అడుగుతున్నావు. నీది తాగాలనే సరదా కాదు, తెలుసుకోవాలనే తపన. చిన్నప్పుడు కొత్త పుస్తకం తెచ్చిస్తే చదవకముందే పేజీల్లో ముక్కు పెట్టి వాసన చూసేదానివి, అది గుర్తుంది నాకు. మీ అమ్మకీ అదే చెప్పి ఫోన్ పెట్టేశాను, కానీ తర్వాత నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తా. ఖాళీ కడుపుతో కూర్చోకు. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్లు తాగు. ఎండలో తిరిగొచ్చిన రోజు మానెయ్. డ్రింక్ ప్యాకేజీ, అంటే తాగేవాటికి ముందే డబ్బు కట్టేసేది, నీకు అక్కర్లేదు, చాలావాటిలో గ్లాసు ధరకి ఒక హద్దు ఉంటుంది, మంచి పాత మాల్ట్‌లు ఆ హద్దు దాటిపోతాయి, పైగా ప్యాకేజీ కొన్నవాళ్లు డబ్బు రాబట్టుకోవాలని తాగడం నేను రోజూ చూశాను. రేవులో కొన్న బాటిల్ మామూలుగా ఓడవాళ్లు తీసుకుని దాచి ఆఖర్లో ఇస్తారు, దాని మీద ప్లాన్ వేసుకోకు.

ఇక అసలు సంగతి. మొదటి రెండు రోజుల్లోనే పన్నెండు రకాలు చూసేస్తాను అన్నావట, ఎవరు చెప్పారమ్మా నీకు ఆ లెక్క? మొదటి రెండు రోజులే శరీరం ఓడకి అలవాటు పడనివి. కడుపులో తిప్పుతుంది, ఎవరో ఒకరు సీసిక్‌నెస్ టాబ్లెట్ ఇస్తారు, వేసుకుంటావు. మెక్లిజిన్ గానీ డైమెన్‌హైడ్రినేట్ గానీ, ఆ టాబ్లెట్లు వాటంతటవే మత్తు తెస్తాయి, దాని మీద విస్కీ పడితే రెండు మత్తులూ కలిసి మనిషిని కూలదోస్తాయి. చెవి వెనక అంటించే ప్యాచ్ ఇంకా మోసం, అది మూడు రోజులు పనిచేస్తూనే ఉంటుంది, ఈరోజు టాబ్లెట్ ఏం వేసుకోలేదుగా అనుకుంటావు, చెవి వెనక ఉన్నది మర్చిపోతావు. టాబ్లెట్ వేసుకున్న రోజు, ప్యాచ్ ఉన్నన్ని రోజులు, చుక్క కూడా వద్దు. వాసన చూసి గ్లాసు పక్కన పెట్టెయ్, వాసనతోనే సగం తెలుస్తుంది.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానో నీకు చెప్పాలి. మీ అత్తకి కూడా ఇది సగమే చెప్పాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, ఓడ ఎక్కి రెండో ఏడు. రెండో రాత్రి, సముద్రం బాగా ఊగుతోంది, బార్‌లో జనం పల్చగా ఉన్నారు. ఒక పెద్దాయన భార్యతో వచ్చి కౌంటర్ దగ్గర కూర్చున్నాడు, రిటైరైన మనిషి, జేబులోంచి చిన్న నోట్‌బుక్, చెక్కిన పెన్సిల్ తీసి పెట్టాడు. అన్నిరకాలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను బాబూ, ఇన్నాళ్లకి కుదిరింది అన్నాడు. నువ్వన్న మాటే. నాకు ఎంత పొంగు వచ్చిందో, నాకు తెలిసిందంతా ఆ రాత్రే ఆయన ముందు పరిచెయ్యాలనిపించింది. ఆరు గ్లాసులు వరసగా పెట్టాను, ఒక్కోదాంట్లో మా ఓడ కొలత 45 మిల్లీలీటర్లు నిండుగా. అంటే మొత్తం 270, పావు లీటరు దాటింది. పోస్తున్నప్పుడు ఆ కూడిక నా బుర్రకి తట్టనేలేదు.

పైగా మొదలుపెట్టింది దేంతో అనుకున్నావు, స్కాట్లాండ్‌లోని ఐలా దీవి మాల్ట్‌తో, అది కూడా నీళ్లు కలపని కాస్క్ స్ట్రెంగ్త్. ఆ పొగ వాసనకి జనం ఆశ్చర్యపోతారు కదా, ఆ ఆశ్చర్యం చూడాలని. పీట్ అని అక్కడి బురదనేలల్లోంచి తవ్వి ఎండబెట్టిన గడ్డలుంటాయి, బార్లీని ఆరబెట్టేటప్పుడు వాటిని తగలబెడతారు, ఆ పొగే గింజకి పట్టి చివరిదాకా విస్కీలో ఉండిపోతుంది. ఆ పొగ ఒకసారి నాలుక మీద కూర్చుందంటే తర్వాత ఏది పోసినా తెలీదు. రెండోది చాలా మంచి బ్లెండెడ్, ఆయన ఒక గుక్క తాగి "నీళ్లలా ఉందే" అని అలాగే రాసుకున్నాడు. తప్పు విస్కీది కాదండీ, నేను పెట్టిన వరసది అని అప్పుడే చెప్పాల్సింది. తలూపాను.

నాలుగో గ్లాసు దగ్గర మాట నెమ్మదించింది. పెద్దవాడు కదా, అలసిపోయాడనుకున్నా. అప్పుడు వాళ్లావిడ నా వైపు వంగి "మధ్యాహ్నం ఒక సీసిక్‌నెస్ టాబ్లెట్ వేసుకున్నారు, భోజనం అయ్యాక ఇంకోటి వేసుకున్నారు, పర్లేదా బాబూ?" అని అడిగింది. పర్లేదండీ, ఏం కాదు అన్నాను. నాకు ఆ టాబ్లెట్ గురించి ఏమీ తెలీదు అమ్మడూ. తెలీదని చెప్పి డాక్టర్‌ని అడగమని ఉంటే అయిపోయేది. వేసుకున్న తెల్ల చొక్కా, కట్టుకున్న బో, తెలీదు అనే మాటని బయటికి రానివ్వలేదు.

ఆరోది సగం తాగి లేచారు. బార్ బయట మెట్లు, పది మెట్లుంటాయేమో, ఓడ ఒక్కసారి పక్కకి ఒరిగింది. చప్పుడు విని పరిగెత్తాను. తుంటి ఎముక విరిగింది. రాత్రంతా ఓడ ఆస్పత్రిలో ఉంచి పొద్దున్నే తర్వాతి రేవులో స్ట్రెచర్ మీద దించేశారు. నోట్‌బుక్ మాత్రం నా కౌంటర్ మీదే ఉండిపోయింది. దించే ముందు తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చాను, ఇచ్చేముందు తెరిచి చూశాను. మొదటి లైన్ గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. మూడోది కిందికి జారుతోంది. ఐదోది, ఆరోది అక్షరాలే కావు, పెన్సిల్ గీతలు. ఆవిడ పుస్తకం తీసుకుని నాకు థాంక్స్ చెప్పింది.

ఆ తర్వాత ఎన్నేళ్లు పనిచేసినా, ఎవరొచ్చి టేస్టింగ్ అడిగినా ముందు టాబ్లెట్ వేసుకున్నారా అని అడిగాకే బాటిల్ ముట్టుకున్నా. కొందరు కోప్పడ్డారు కూడా, నీకెందుకు అని. నీ గదికి బాల్కనీ ఉందట, మీ అమ్మ సంతోషంగా చెప్పింది, నాకు గుండె ఝల్లుమంది. గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లకు. చీకట్లో మెట్లు దిగేటప్పుడు రైలింగ్ పట్టుకో, నీ ఫ్రెండ్‌ని పక్కన ఉండమను, ఆ అమ్మాయి ఆ పూట తాగకుండా ఉంటే నాకు ఇంకా నిశ్చింత.

సరే, ఇప్పుడు నువ్వడిగిన దానికి వస్తా, కోపం లేదు నాకు.

పూటకి మూడే, ఒక్కోటి 15 మిల్లీలీటర్లు. మూడూ కలిపితే మా ఓడ కొలతలో ఒక్క గ్లాసు. బార్ ఖాళీగా ఉండే టైమ్‌లో, భోజనానికి ముందు, కడుపులో కాస్త ఏదైనా వేసుకుని వెళ్లి అడుగు, రద్దీలో ఎవరూ నీకు అంత చిన్నగా కొలిచి పొయ్యలేరు. పై డెక్ మీద వద్దు, గాలి వాసనంతా లాక్కుపోతుంది, ఓడ మధ్యలో కింది అంతస్తులో కూర్చో, ఊపు కూడా తక్కువ. చేతులకి సన్‌స్క్రీన్ ఉంటే కడుక్కో, లేకపోతే ప్రతి గ్లాసూ సన్‌స్క్రీన్ వాసనే. ముక్కు గ్లాసులో దూర్చకు, నోరు కొంచెం తెరిచి మెల్లిగా పీల్చు, ముక్కు మొద్దుబారినట్టుంటే నీ చొక్కా చెయ్యి వాసన చూసుకుని మళ్లీ మొదలుపెట్టు.

మొదటి పూట బ్లెండెడ్. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది తగులుతారు, వాళ్ల మాట వినకు. స్కాచ్ ఏదైనా స్కాట్లాండ్‌లోనే డిస్టిల్ చేసి 700 లీటర్లకి మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు అక్కడే మాగాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు, అది చట్టం. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీ ఒక్కటే వాడి, రాగి పాట్ స్టిల్స్‌లో, అంటే కుండల్లాంటి బట్టీల్లో, తీసింది. సింగిల్ అంటే ఒకే పీపా అనుకుంటారు, కాదు, అదే డిస్టిలరీవి ఎన్ని పీపాలైనా కలపొచ్చు. అలాంటి మాల్ట్‌లకి గ్రెయిన్ విస్కీ కలిపితే బ్లెండెడ్. గ్రెయిన్ అంటే గోధుమో మొక్కజొన్నో ఎక్కువ వేసి పొడవాటి కాలమ్ స్టిల్‌లో ఆగకుండా తీసేది, ఈనియస్ కాఫీ అనే ఆయన 1830లో పేటెంట్ తీసుకున్న పద్ధతి, తేలిగ్గా మెత్తగా వస్తుంది. ఎన్నో డిస్టిలరీల సరుకు ఏటేటా మారుతున్నా బాటిల్ రుచి మాత్రం మారకుండా నిలబెట్టడం బ్లెండర్ పని, ఎంత కష్టమో ఆలోచించు. బ్లాక్ లేబుల్, షీవాస్ 12 పక్కపక్కన పెట్టుకో, బ్లాక్ లేబుల్ మింగేశాక చివర్లో సన్నటి పొగ తగులుతుంది చూడు, దాని కోసం కాస్త ఆగాలి. బాటిల్ మీద 12 అని ఉంటే అందులో కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది.

రెండో పూట స్పేసైడ్ మాల్ట్‌లు, అంటే స్కాట్లాండ్‌లో స్పే నది చుట్టుపక్కల చేసేవి, గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్, పళ్ల వాసనలు వస్తాయి. షెర్రీ వైన్ పీపాలో మాగింది ఏదైనా ఉంటే, మెకాలన్ లాంటిది, దాన్ని మూడోదిగా పెట్టు.

తర్వాత బర్బన్, ఇక్కడ కాస్త నిదానించు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట ఇది. కెంటకీలోనే చెయ్యాలని లేదు, అమెరికాలో ఎక్కడైనా చెయ్యొచ్చు, కానీ 51 శాతానికి తగ్గకుండా మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చి బొగ్గు పట్టించిన కొత్త ఓక్ పీపాలోనే మాగబెట్టాలి. కొత్తదే కావాలి కాబట్టి ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కి పనికిరాదు, అలాంటివి ఓడలెక్కి స్కాట్లాండ్ పోతాయి, వాటిలోనే అక్కడి మాల్ట్ ఏళ్ల తరబడి నిద్రపోతుంది. అందుకే ఒక బర్బన్ పక్కన గ్లెన్‌మొరాంజీ పెట్టి చూడమంటాను. బర్బన్‌లో వెనిల్లా కేకేసి పిలుస్తుంది, గ్లెన్‌మొరాంజీలో అదే వెనిల్లా పక్క గదిలోంచి వినబడ్డట్టుంటుంది. చుట్టరికం అక్కడ తెలుస్తుంది నీకు. మాల్ట్ ముందు, బర్బన్ తర్వాత, తిరగేస్తే మాల్ట్ చప్పగా అనిపిస్తుంది. బర్బన్‌లోనే రెండు చూడాలంటే రై అనే గింజ ఎక్కువుండే బుల్లెట్ ఒకటి, రై బదులు గోధుమ వేసే మేకర్స్ మార్క్ ఒకటి, మొదటిది కారంగా గుచ్చుతుంది, రెండోది గుండ్రంగా దిగుతుంది. వైల్డ్ టర్కీ 101 అంటే 101 ప్రూఫ్, అందులో సగం, 50.5 శాతం ఆల్కహాల్, దానికి నీళ్ల చుక్కలు తప్పనిసరి, నీళ్లు కలిపితే తప్పు అనేవాళ్లని పట్టించుకోకు. వయసు అంకెలు మాత్రం ఈ రెండు దేశాల మధ్య పోల్చకు, కెంటకీ ఎండకి కొత్త పీపాలో ఆరేళ్లలో పట్టే ఓక్ స్కాట్లాండ్ చలిలో పాత పీపాకి పన్నెండేళ్లయినా పట్టదు. రంగు చూసి కూడా ఏమీ రాయకు, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపొచ్చు, బర్బన్‌లో కలపకూడదు.

ఐలా మాల్ట్‌లు, లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ లాంటివి, వాటికి విడిగా ఒక పూట, అన్నీ అయ్యాక. ఆ పూట వాటి తర్వాత ఇంకేమీ రుచి చూడకు, ఎందుకో నీకు తెలుసు.

దిగే ముందు రోజు బార్‌లో అడిగి బ్లెండెడ్ ఒకటి, మాల్ట్ ఒకటి, బర్బన్ ఒకటి, పేర్లు చెప్పకుండా ఒకే రకం గ్లాసుల్లో పోయించుకో. ఏది ఏదో అడగకముందే నీకు ఏది బాగుందో రాసేసుకో. బ్లెండెడ్ నచ్చితే నచ్చిందనే రాయి, ఎవరో ఏదో అనుకుంటారని మార్చకు.

పూట పూటకీ రాసిన పేజీ ఫొటో తీసి పంపు నాకు, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటా. ఏ విస్కీ గురించి ఏం రాశావో తర్వాత చదువుతాను, ముందు మూడో గ్లాసు దగ్గర నీ అక్షరం మొదటి గ్లాసు దగ్గర ఉన్నంత గుండ్రంగా ఉందో లేదో చూస్తాను.

మీ మామయ్య